కీళ్లవాపునకు సముద్రపు నాచు మందగునా?

ఉదయమున పూజ ముగించుకొని పీటమీదినుండి లేవబోవు అమ్మమ్మ, మోకాలిపై చేయి మోపి, క్షణకాలమాగి, గోడను ఊతగా పట్టుకొని నిలుచుట మనలో అనేకుల యిండ్లలో కనబడు దృశ్యమే. చూచినవారెల్ల ఒక్కొక్క మందు చెప్పుదురు. ఒకరు ఆముదము రాచి కాపడము పెట్టుమందురు. మరియొకరు వావిలాకు కాచిన నీళ్లు పోయుమందురు. పట్టణమునుండి వచ్చిన మనుమడు నీలి సముద్రము బొమ్మగల సీసా నొకదానిని చేతబెట్టి, "అమ్మమ్మా, ఇది సముద్రపు నాచునుండి తీసిన సారమట. వాపును స్వాభావికముగా తగ్గించునట" అనును. సీసా వెల తక్కువ కాదు. అమ్మమ్మ ఆశతో దానివంక చూచును.

ఆ సీసాలో నిజముగా నేమున్నది? దానిని నమ్మవచ్చునా? నమ్మినచో ఎంతవరకు నమ్మవచ్చును? సొమ్మును, ఆరోగ్యమును రెండింటిని తాకు ఈ ప్రశ్నకు సమాధానమును మనము కొంత ఓపికతో వెదకుదము. నాచును వట్టి బూటకమని త్రోసివేయుట సులభము. అమృతమని నెత్తికెత్తుకొనుట అంతకంటె సులభము. సత్యము ఈ రెండింటికి నడుమ నున్నది.

మొదట నాచు సంగతి చూతము. ఆటు వేళ నీరు వెనుకకు తీసినపుడు విశాఖపట్టణము రేవు ప్రక్కల రాళ్లను చూచినవారికి ఇది క్రొత్త కాదు. కొన్ని రాళ్లమీద పలుచని ఆకుపచ్చని పొరలు పాలకూర ఆకులవలె పరచుకొని యుండును. కొన్నిచోట్ల గోధుమవన్నె కొమ్మలకు గాలితో నిండిన చిన్న చిన్న బుడగలు గుత్తులుగా వ్రేలాడుచుండును. మరికొన్నిచోట్ల ఎఱ్ఱని సన్నని పోగులవంటివి కనబడును. వీనికి నేలమీది మొక్కలవలె నిజమైన వేళ్లు లేవు. పూవు లేదు, విత్తనము లేదు. రంగునుబట్టి శాస్త్రజ్ఞులు వీనిని ఆకుపచ్చ, గోధుమ, ఎఱుపు అని మూడు తెగలుగా విభజించిరి. ఒక్కొక్క తెగలో వందలకొలది జాతులు కలవు. కావున "సముద్రపు నాచు" అను మాట ఒక మందు పేరు కాదు. "ఆకు" అన్నంతమాత్రమున తమలపాకో ఉమ్మెత్తాకో తెలియనట్లే, "నాచు" అన్నంతమాత్రమున ఏమియు తెలియదు. ఈ సంగతి చివరివరకు గుర్తుంచుకొనవలెను.

ఇక వాపు సంగతి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునందు సెల్సస్ అను రచయిత దీనికి నాలుగు లక్షణములు చెప్పెను: ఎఱుపు, ఉబ్బు, వేడి, నొప్పి. కాలిలో ముల్లు విరిగినపుడు జరుగునది ఇదియే. దెబ్బ తగిలినచోట సన్నని రక్తనాళములు వెడల్పగును. అందువలన ఎఱుపు, వేడి. నాళములగోడలనుండి నీరు వెలికి ఊరును, అందువలన ఉబ్బు. రక్తములోని తెల్లకణములు నాళపుగోడను పట్టుకొని, దొర్లుచు దొర్లుచు నిలిచి, గోడను దాటి గాయముచోటికి చేరి సూక్ష్మక్రిములతో పోరాడును. ఈ కలకలమంతయు శరీరము తన్ను తాను రక్షించుకొనుటకే. పొయ్యిలోని నిప్పు అన్నమును వండును. అదే నిప్పు ఇంటికప్పు నంటుకొన్నచో కొంప కాల్చును. శత్రువు లేకున్నను ఆరని వాపు అట్టిది.

కీళ్లనొప్పులలో రెండు విధములను వేరుచేసి తెలిసికొనవలెను. వయసుతోను, శరీరపు బరువుతోను కీలులోని మెత్తని మృదులాస్థి అరిగి వచ్చు నొప్పి యొకటి. మన అమ్మమ్మ మోకాలినొప్పి బహుశః ఇదియే. ఇందులో వాపు కొంతయే. రెండవదానిలో శరీరపు రక్షకబలమే దారితప్పి తన కీళ్లపై తానే దాడిచేయును. ఉదయమున చాలసేపు వ్రేళ్లు ముడుచుకొనరాకుండుట, రెండుచేతుల చిన్న కీళ్లు ఒక్కసారిగా వాచుట దీని గుర్తులు. దీనికి ఆలస్యము చేయక వైద్యుని ఆశ్రయింపవలెను. లేనిచో కీళ్లు శాశ్వతముగా చెడును.

ఈ నొప్పులకు వాడు మాత్రలు ఎట్లు పనిచేయునో చాలకాలము ఎవరికిని తెలియదు. 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు ఆస్పిరిను రహస్యమును బయటపెట్టెను. వాపును నొప్పిని పెంచు ప్రోస్టాగ్లాండినులను పదార్థములు దేహమున తయారు కాకుండ ఆస్పిరిను అడ్డుపడునని ఆయన చూపెను. ఇందులకు 1982లో ఆయనకు నోబెల్ బహుమానములో భాగము లభించెను. అయితే ఆ పదార్థములే కడుపులోని పొరను కాపాడును, మూత్రపిండములకు రక్తప్రసారమును సరిచూచును. అందుచేతనే నొప్పిమాత్రలను నెలలతరబడి మ్రింగువారికి కడుపులో పుండ్లు, మూత్రపిండములకు హాని కలుగవచ్చును. ఈ భయమే జనులను "స్వాభావికమైన" మందులవైపు త్రిప్పుచున్నది. ఆ భయము నిరాధారము కాదు. కాని భయము సరియైనదైనంతమాత్రమున దొరికిన ప్రతి మందును సరియైనది కాజాలదు.

నాచునుండి నిజముగా మందు వచ్చిన చరిత్ర ఒకటి కలదు. 1811లో ఫ్రాన్సులో బెర్నార్డ్ కుర్త్వా అనునాతడు తుపాకిమందునకు కావలసిన పెట్లుప్పు కొరకు నాచుబూడిదతో పనిచేయుచుండగా, ఊదావన్నె ఆవిరి పైకి లేచెను. అదియే అయొడిను. అంతకు ముందునుండియు గొంతువాపునకు, అనగా గలగండమునకు, కాల్చిన స్పంజి బూడిదను ఇచ్చుట యూరోపున వాడుక. అందలి గుణము అయొడినుదే యని ఊహించి 1820లో జెనీవాలో కాయిండే అను వైద్యుడు దానిని రోగులకిచ్చెను. గడ్డలు తగ్గెను. అయితే మోతాదు మించిన కొందరికి గుండెదడ కలిగెను, శరీరము కృశించెను. ఈ కథలో రెండు పాఠములున్నవి. వాడుకలోని మందు గుణము అందులోని ఒక నిర్దిష్టపదార్థముదై యుండును. ఆ పదార్థమును తూచి యిచ్చినపుడే మేలు, తూచక యిచ్చినచో కీడు. నేడు ఆ అయొడినునే మనము ఉప్పుతో తూచి తినుచున్నాము.

వాపు విషయమున నాచు మరియొక చిత్రము చూపినది. ఐర్లండు తీరమున దొరకు ఒక ఎఱ్ఱనాచును అక్కడి గ్రామస్థులు పాలతో కాచి దగ్గునకు త్రాగెడివారు. దానినుండి తీయు జిగురునకు కారాజీనన్ అని పేరు. అది ఐసుక్రీములను చిక్కబరచుటకు నేటికిని వాడుకలో నున్నది. దగ్గునకు ఉపశమనమని ప్రజలు నమ్మిన ఆ జిగురును ఎలుక పాదమున సూదితో ఎక్కించినచో కొలదిగంటలలో పాదము ఉబ్బును! 1962లో అమెరికాలో వింటర్, రైస్లీ, నస్ అను ముగ్గురు పరిశోధకులు దీనిని ఒక కొలమానముగా మార్చిరి. ముందు ఎలుకకు పరీక్షింపవలసిన మందిత్తురు. తరువాత పాదమున కారాజీనన్ ఎక్కింతురు. ఉబ్బు ఎంత తగ్గినదో కొలుతురు. నాటినుండి వాపును తగ్గించు మందుల పరిశోధనలో ఈ పరీక్ష విరివిగా వాడుకలో నున్నది. ఒక నాచు సారము వాపును తగ్గించునా యని చూచుటకు, మరియొక నాచు సారముతో వాపును కలిగించుచున్నారన్నమాట. సూదితో ఎక్కించుట వేరు, నోట తినుట వేరు. కావున ఐసుక్రీము తిన్నవారు భయపడనక్కరలేదు. కాని "నాచులన్నియు వాపును తగ్గించును" అనువారికి ఈ ఒక్క సంగతి చాలును.

సీసాలపై తరచుగా కనబడు పేరు ఫ్యూకాయిడన్. ఇది గోధుమవన్నె నాచులలో నుండును. రాతిమీది నాచును పట్టినపుడు చేతికంటు జిగటలో ఇదియు నొక భాగము. ఆటువేళ ఎండలో నాచు ఎండిపోకుండ ఆ జిగట కాపాడును. 1913లో స్వీడనులోని ఉప్సాలాలో కైలిన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని మొదట వేరుచేసెను. ఇది ఫ్యూకోజు అను చక్కెర అణువులు గొలుసుగా కూడి, వానిపై గంధకపు సమ్మేళనములు చేరిన పెద్ద పదార్థము. దీనిని తీయువిధము మన కషాయమునకు దూరపు చుట్టమే. నాచును కడిగి, ఎండబెట్టి, పొడిచేసి, వేడినీటనో పలుచని ఆమ్లముననో నానబెట్టుదురు. దిగిన సారమునుండి అక్కరలేని జిగురులను సున్నపులవణముతో విరుగగొట్టి తీసివేయుదురు. మిగిలినదానికి సారాయిసత్తు చేర్చినచో ఫ్యూకాయిడన్ తెల్లని పీచువలె అడుగుకు దిగును. నాచు జాతినిబట్టి, కోసిన ఋతువునుబట్టి, పెరిగిన చోటునుబట్టి ఈ పదార్థపు కూర్పు మారుచుండును. ఒక సీసాలోనిది, మరియొక సీసాలోనిది ఒక్కటే యనుకొనుటకు వీలులేదు.

ప్రయోగశాలలో ఫ్యూకాయిడన్ చేయుపని నిజముగా ఆసక్తికరము. తెల్లకణములు నాళపుగోడను పట్టుకొని దొర్లునని పైన చెప్పితిమి గదా! ఆ పట్టునకు సెలెక్టినులను కొక్కెములవంటి పదార్థములు తోడ్పడును. ఫ్యూకాయిడన్ ముందుగా పోయి ఆ కొక్కెములలో కొన్నింటికి తానే తగులుకొనును. అపుడు కణములకు పట్టు దొరకదు, అవి రక్తప్రవాహముతో సాగిపోవును, వాపు తగ్గును. జంతువుల రక్తములోనికి నేరుగా ఎక్కించినపుడు ఇట్లు జరుగుట శాస్త్రజ్ఞులు చూచిరి. ఇది కల్పన కాదు.

అయితే అమ్మమ్మ దానిని రక్తములోనికి ఎక్కించుకొనదు, నోట మ్రింగును. ఇంత పెద్ద అణువు ప్రేగులగోడను దాటి రక్తములో చేరుట మిక్కిలి స్వల్పము. కావున గాజుపాత్రలో జరిగినది మోకాలిలో జరుగునా యను సంశయము సహజముగా కలుగును. ఈ సంశయమును తీర్చునది తర్కము కాదు, మనుష్యులపై పరీక్ష. అట్టి పరీక్షలు రెండు ఆస్ట్రేలియాలో జరిగినవి. మనము చెప్పదలచినదానికి ఇవియే ఆయువుపట్టు.

మొదటిదాని ఫలితములు 2010లో ప్రకటింపబడెను. మోకాలికీలు అరిగిన 12 మందికి 12 వారములపాటు మూడు గోధుమనాచుల సారమును, కొన్ని పోషకములతో కలిపి యిచ్చిరి. కొందరికి దినమునకు 100 మిల్లీగ్రాములు, కొందరికి 1000 మిల్లీగ్రాములు. తక్కువ మోతాదువారికి బాధలు సుమారు 18 శాతము, ఎక్కువ మోతాదువారికి సుమారు 52 శాతము తగ్గినవి. సగము బాధ తీరినదన్నమాట! ఇట్టి అంకెను చూచినవారెవరు ఉత్సాహపడరు? సీసాలమ్మువారికి ఇంతకంటె మంచి వార్త యేది?

కాని ఆ పరీక్షలో ఒక లోటున్నది. అందరికిని మందే యిచ్చిరి. తాము మందు పుచ్చుకొనుచున్నామని అందరికిని తెలియును. పోల్చుటకు మందులేని మాత్రలు మ్రింగినవారు లేరు. దీనిని ఆ పరిశోధకులు దాచలేదు. అది తొలిమెట్టు మాత్రమే.

రెండవ పరీక్ష ఫలితములు 2016లో వెలువడెను. ఈసారి 122 మందిని చేర్చుకొనిరి. చీట్లు వేసినట్లు వారిని రెండు భాగములుగా విడదీసిరి. ఒక భాగమునకు దినమునకు 300 మిల్లీగ్రాముల ఫ్యూకాయిడన్ సారము. రెండవ భాగమునకు అచ్చముగా అట్లే కనబడు, మందులేని ఉత్త మాత్ర. ఎవరికేది యిచ్చుచున్నారో రోగులకు తెలియదు. 12 వారములు గడచినవి. ఫలితమేమి? మందు పుచ్చుకొన్నవారికిని, ఉత్త మాత్ర పుచ్చుకొన్నవారికిని బాధ తగ్గుటలో భేదము కనబడలేదు. ఆ సారము హాని చేయలేదు. కాని ఉత్త మాత్రకంటె మిన్నగా మేలును చేయలేదు.

ఉత్త మాత్రతో బాధ యెట్లు తగ్గును? ఇందులో మాయ లేదు. కీళ్లనొప్పి సముద్రమువలె ఆటుపోట్లు గలది. నొప్పి పోటుమీదనున్నపుడే మనము మందుకొరకు పరుగిడుదుము. కొన్నాళ్లకు అది తనంతట తాను తీయును. ఆ పుణ్యమును అపుడు చేతనున్న సీసాకు కట్టబెట్టుదుము. దీనికి తోడు, మందు తీసికొనుచున్నానను ధైర్యము, వైద్యుని పలకరింపు, ఇంటివారి ఆదరము నొప్పిని నిజముగానే కొంత తగ్గించును. "నాకు తగ్గినది" అని పొరుగింటి పిన్నిగారు చెప్పినపుడు ఆమె అబద్ధమాడుట లేదు. ఏమివలన తగ్గినదో ఆమె ఒక్కర్తె అనుభవము చెప్పజాలదు, అంతే. రెండవ పరీక్షలోని మోతాదు మొదటిదాని పెద్దమోతాదుకంటె తక్కువ గనుక, ఎక్కువ యిచ్చిన పనిచేయునేమో యని వాదింపవచ్చును. అది న్యాయమైన వాదమే. కాని అట్టి ఆశకు రుజువు సరియైన పరీక్షలో చూపవలెను గాని, అమ్మమ్మ సొమ్ముతో కాదు.

మన దేశమునను ఈ కృషి సాగుచున్నది. 1947లో స్థాపితమై, తమిళదేశమున రామేశ్వరము దాపున మండపములో కొంతకాలముండి, నేడు కొచ్చి కేంద్రముగా పనిచేయుచున్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు నాచులనుండి కీళ్లనొప్పికి ఒక సారమును తయారుచేసి, "కడల్మిన్" అను పేరున వెలువరించిరి. మన్నారు సింధుశాఖలో వ్రేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకొని, నీట మునిగి, రాళ్లనుండి నాచును గిల్లి తెచ్చు పల్లెకారు స్త్రీల బ్రతుకును ఇట్టి పరిశ్రమలతో ముడిపడినదే. నాచునకు మంచి ఉపయోగములు దొరకవలెనని మేమును కోరుచున్నాము. ప్రభుత్వసంస్థవారిదైనను, ప్రైవేటు కంపెనీవారిదైనను, ఏ మందునైనను అడుగవలసిన ప్రశ్న మాత్రమొక్కటే: ఎలుకలలో కాదు, మనుష్యులలో, ఉత్త మాత్రతో పోల్చి చూచితిరా? ఎంతమందిలో? ఫలితమేమి?

ఇక "స్వాభావికము గనుక హాని లేదు" అను మాట. ఉమ్మెత్తయు స్వాభావికమే. నాచు విషయమున మూడు జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. మొదటిది అయొడిను. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. జపానులో కొంబు అని పిలుచు గోధుమనాచు ఎండినది ఒక్క గ్రాములోనే 1000 మైక్రోగ్రాములకు మించి యుండవచ్చును. శుద్ధిచేయని నాచుపొడిని దినదినము తిన్నచో గొంతులోని థైరాయిడు గ్రంథి పని తారుమారు కావచ్చును. ఆ గ్రంథికి సంబంధించిన వ్యాధి గలవారును, గర్భిణులును వైద్యుని అడుగక దానిని ముట్టరాదు. రెండవది రక్తపు సంగతి. ఫ్యూకాయిడన్ నిర్మాణములో హెపారిను అను రక్తము గడ్డకట్టనీయని మందును పోలియుండును. గుండెజబ్బునకో, పక్షవాతమునకో రక్తమును పలుచబరచు మాత్రలు వాడువారు దీనిని స్వంతముగా చేర్చుకొనుట ప్రమాదకరము. మూడవది, నాచు సముద్రములోని లోహములను పీల్చుకొను గుణము గలది. హిజికి అను నాచులో విషకరమైన పాషాణరూపము అధికముగా నుండుటచే దానిని తినవలదని 2004లో బ్రిటనులోని ఆహారప్రమాణాల సంస్థవారు ప్రజలను హెచ్చరించిరి. కావున ఏ జాతి నాచు, ఎచట కోసినది, లోహములకు పరీక్షించిరా, అయొడిను ఎంత యను వివరములు లేని సీసాను అంగడిలోనే విడిచివచ్చుట మేలు.

అట్లయిన అమ్మమ్మకు ఏమి చేయుదము? అరుగుదలవలన వచ్చిన నొప్పికి, ఎక్కువ పరీక్షకు నిలిచిన సాధనములు సామాన్యమైనవే. కుర్చీలో కూర్చుండి కాలిని నెమ్మదిగా ఎదుటికి చాచి, కొంతసేపు అట్లే నిలిపి, మరల దింపుట. దీనివలన తొడకండరములు బలపడి మోకాలి బరువును పంచుకొనును. దేహభారము ఎక్కువైనచో కొంత తగ్గుట. నేలపీటకు బదులు ఎత్తైన ఆసనము, చేత ఒక కఱ్ఱ. నొప్పి మిక్కుటమైనపుడు వైద్యుని సలహాపై, తగిన మోతాదులో, తగినన్ని దినములు మాత్రమే మాత్రలు. ఒక కీలు అకస్మాత్తుగా వాచి, ఎఱ్ఱనై, వేడెక్కి, జ్వరము తోడైనచో ఏ సారమునకును ఏ కాపడమునకును ఆగక ఆనాడే ఆసుపత్రికి పోవలెను. ఆముదపు కాపడము వలన హాయి కలుగుచున్నచో మానవలసిన పనిలేదు. చర్మము కాలకుండ చూచుకొనిన చాలును.

మనుమని ప్రేమను మేము తప్పుపట్టుట లేదు. అతడు తెచ్చిన సీసాకంటె, దినమునకు రెండుపూటల అమ్మమ్మ ప్రక్క కూర్చుండి "ఇంకొక పదిమార్లు కాలు చాపుము" అని లెక్కపెట్టుట మేలైన మందు. సముద్రములో మందు లేదని మేమనుట లేదు. అయొడిను అక్కడినుండియే కదా వచ్చినది! ఫ్యూకాయిడనునకును రేపు ఒక రోజు రావచ్చును. ఆ రోజు వచ్చినపుడు దానిని మనకు తెలుపునది సీసామీది నీలిబొమ్మ కాదు. ఉత్త మాత్రతో సరిసమానముగా నిలిపి, దానిని గెలిచిన పరీక్ష. అంతవరకు ఆ సొమ్ముతో అమ్మమ్మకు ఒక మంచి కుర్చీ కొనుడు.